మీ అన్నగారికి ఎలా ఉందండీ?

బెంజ్ సర్కిల్ దగ్గర గుడివాడ బస్సు కోసం నిలబడి ఉంటే ఒక పెద్దమనిషి ఎదురొచ్చి నాకు నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం చూడగానే ఆయన పోయారని నాకు అర్థమైపోయింది.

పోయింది నమస్కారం పెట్టినవాడు కాదు. వన్‌టౌన్‌లో లేహ్యాల కొట్టు పెట్టుకున్న ఆయన. నమస్కారం పెట్టినవాడు కొల్లేటి వైపు చేపల వ్యాపారి. తొమ్మిదేళ్ళపాటు బుధవారం బుధవారం మేమిద్దరం ఆ కొట్టు మెట్ల మీద భుజాలు రాసుకుంటూ నిలబడ్డాం. కానీ బయట ఎక్కడ ఎదురైనా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఒకసారి సినిమా హాల్లో పక్కపక్క సీట్లు దొరికితే, నేను గోడ వైపు, అతను గుమ్మం వైపు తిరిగి కూర్చుని, మూడు గంటల సినిమా చూడకుండానే చూసి, మెడలు పట్టేసి ఇళ్ళకి పోయాం. బయట పలకరించుకోకూడదన్నది ఆ కొట్టు మర్యాద. ఆయన బతికున్నంతకాలం దాన్ని దాటిన మగాడు లేడు. అలాంటిది ఆ చేపలాయన నడిరోడ్డు మీద చేతులు జోడించాడంటే దానికి ఇంకో అర్థం లేదు.

"ఎప్పుడండీ?" అన్నాను.

"పోయిన శుక్రవారమండీ. ఫోన్ చేద్దామంటే మీ నంబరు కాదు గదా, మీ పేరు కూడా తెలీదు నాకు."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. మూడేళ్ళ కిందట ఆయన నాకు ద్రోహం చేశారు. క్షమించడానికి ఒక మంచి రోజు చూసుకుంటూ ఉన్నాను. నా మంచి రోజు దాకా ఆగకుండా పోవడం ఆయన చేసిన రెండో ద్రోహం.

మొదటిది తెలియాలంటే కొట్టు గురించి తెలియాలి. నేను కోతలు కోస్తానని మా ఇంట్లోనూ ఆఫీసులోనూ పేరుంది కనక ముందే చెప్పేస్తున్నాను: ఆ కొట్టు లోపల నేను ఆడిన మాటలన్నీ కోతలే. ఇక్కడ రాస్తున్నవి మాత్రం కావు.

వన్‌టౌన్‌లో తాళ్ళు, మోకులు అమ్మే దుకాణానికీ ఇత్తడి సామాను దుకాణానికీ మధ్య ఒక మనిషి అడ్డంగా పడుకుంటే నిండిపోయేంత ఇరుకున ఉండేది ఆ కొట్టు. వీధిలోంచి మూడు మెట్లు. లోపల ఒక చెక్క బల్ల, దాని వెనక బట్ట వాసెన కట్టిన పింగాణీ జాడీలు. ఆయుర్వేద లేహ్యాలు, చూర్ణాలు అని బోర్డు. దగ్గుకి, అరుగుదలకి ఊళ్ళో జనమంతా ఆ బోర్డు చూసి వచ్చేవాళ్ళు. మేం బోర్డు చూసి వచ్చేవాళ్ళం కాదు. వెనక వరసలో, ఎడమ చివర, నల్ల జాడీ కోసం వచ్చేవాళ్ళం. అందులో గంజాయి ఆకు కలిపిన లేహ్యం ఉంటుందని, ఉసిరికాయంత ఉండ మింగితే మనిషి రెండు గంటలపాటు ఈ లోకానికి కొంచెం ఎడంగా ఉంటాడని చెప్పుకునేవారు.

నేను మొదటిసారి వెళ్ళింది మద్యనిషేధం వచ్చిన ఏడాది. అంతకుముందు నేను తాగేవాణ్ణని కాదు. దొరకదని తెలిసేసరికి నాకూ ఏదో ఒకటి కావాలనిపించింది. చెప్పులతో టకటకా పైకెక్కి, బల్ల మీద మోచెయ్యి ఆనించి, కందిపప్పు అడిగినట్టు అడిగాను.

"గంజాయి లేహ్యం ఇవ్వండి."

ఆయన బక్కపలచని మనిషి. పొట్టిచేతుల బనీను, భుజాన మడత పెట్టిన కండువా, ఒక కాడ విరిగితే దారం కట్టుకున్న కళ్ళజోడు. నా వైపు చూడలేదు. నా వెనక నిలబడ్డ ముగ్గురి వైపు, వాళ్ళ ఇంట్లో ఏదో అపచారం జరిగినట్టు, జాలిగా చూశారు. ఆ ముగ్గురూ పైకప్పు చూస్తున్నారు.

"ఎవరికండీ?"

"నాకే."

"మీరు నిక్షేపంలా ఉన్నారు గదండీ. మీవాళ్ళెవరికన్నా ఒంట్లో బాగా లేకపోతే రండి."

అంతే. పక్కనున్నాయన కేసి తిరిగి, "మీ మేనమామ గారికి ఎలా ఉందండీ?" అన్నారు. ఆ పక్కనున్నాయనే ఈ చేపలాయన. నేను మొహం మాడ్చుకుని దిగి వీధిలో నిలబడ్డాను. కాసేపటికి అతను పొట్లం జేబులో వేసుకుని దిగి, నన్ను చూడకుండా, ఎదురుగా పోతున్న తోపుడు బండితో చెబుతున్నట్టు, "రోగి లేకుండా ఎవరన్నా వస్తారంటండీ. చెప్పులు కూడా మూడో మెట్టు మీద విప్పాలి. రెండో దాని మీద విప్పితే ఆయనకి గిట్టదు," అనేసి వెళ్ళిపోయాడు.

మరుసటి బుధవారం నేను మూడో మెట్టు మీద చెప్పులు విప్పాను. చేతులు కట్టుకుని నా వంతు దాకా నిలబడ్డాను.

"ఎవరికండీ?"

"మా అన్నయ్యకండీ."

"ఏమిటి బాధ?"

"నిద్ర పట్టదండీ."

అప్పటికి నోటికి వచ్చిన మాట అది. మా అన్నయ్య మంగళగిరిలో హెడ్మాస్టరు. నిద్రలో ఆయన్ని మించిన మొనగాణ్ణి నేను చూడలేదు. బస్సులో నిలబడి కూడా గురక పెట్టేవాడు. అయినా ఆ క్షణం నుంచి తొమ్మిదేళ్ళపాటు ఆయన కంటి మీద కునుకు లేకుండా చేసింది నేను.

వెనక నిలబడ్డవాళ్ళు ఒక్క గొంతుతో "అయ్యో పాపం" అన్నారు. అది కూడా మర్యాదే. ఒకరు తమ రోగి సంగతి చెబుతుంటే మిగతావాళ్ళు శ్రద్ధగా విని జాలిపడాలి. నవ్వు వస్తే దగ్గాలి. జాడీ వైపు వేలు చూపించకూడదు. ఆ సరుకు పేరు ఎత్తకూడదు. ఆయన కట్టిచ్చిన ఎండు అరిటాకు పొట్లం అక్కడే విప్పి వాసన చూడకూడదు, ఇంకొంచెం వెయ్యమని అడక్కూడదు. ఒకసారి ఒక కాంట్రాక్టరు, చేతినిండా ఉంగరాలు, వేలు చాచి "ఆ నల్లదాంట్లోది కట్టవయ్యా" అన్నాడు. ఆయన కండువాతో ఆ జాడీని కప్పేసి, "వేలు దించండి, దిష్టి తగుల్తుంది. మీ రోగి ఎవరండీ?" అన్నారు.

"రోగి ఎవడు?" అన్నాడు కాంట్రాక్టరు.

"అది కనుక్కుని రండి."

రోగిని తెచ్చుకున్నాక నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. ఆయన మా పేర్లు ఎప్పుడూ అడగలేదు, మేమూ ఆయన పేరు అడగలేదు. కానీ మా రోగుల పుట్టుపూర్వోత్తరాలు ఆయనకి కంఠతా వచ్చు. వెళ్ళగానే, "మీ అన్నగారికి ఎలా ఉందండీ?" "అలాగే ఉందండీ." ఇది మొదటి మాట, మొదటి జవాబు. నయమైందనకూడదు, నయమైతే నువ్వు ఇక రానక్కర్లేదు. చనిపోయారని అసలే అనకూడదు. ఒక బ్యాంకు ఆఫీసరు గారు కీళ్ళనొప్పుల అత్తగారి మీద వచ్చేవారు. ఒక బుధవారం మాటల వేగంలో పడి, "ఇంకెక్కడి అత్తగారండీ, మొన్ననే కాలం చేసింది," అనేశారు. ఆయన కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. "మంచి మనిషండీ. అయితే మీరిక రానక్కర్లేదన్నమాట," అన్నారు. ఆఫీసరు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పై వారం వచ్చి చివర్లో నిలబడి, "ఇప్పుడు ఆవిడ చెల్లెలికి మొదలయ్యాయండీ కీళ్ళనొప్పులు," అన్నారు. ఆయన నిట్టూర్చి, "వంశంలోనే ఉందన్నమాట," అని పొట్లం కట్టారు.

ఉండ తీయడానికి ఆయన దగ్గర ఒక కొబ్బరిచిప్ప గరిటె ఉండేది. మన మాట విన్నాక దాన్ని జాడీ అంచుకి తట్టేవారు. ఒకసారి తడితే ఏదోలే, సరిపెట్టుకున్నాం అని. రెండుసార్లు తడితే బాగుందని. ఆ రెండో తట్టు కోసం నేను పడ్డ పాట్లు ఉద్యోగంలో ప్రమోషన్ కోసం కూడా పడలేదు. బుధవారం చెప్పాల్సినదాన్ని సోమవారం నుంచి ఆఫీసు ఫైళ్ళ వెనక చిత్తు రాసుకునేవాణ్ణి. అన్నయ్య నిద్ర పట్టక కొండెక్కి స్వామివారి మెట్లన్నీ లెక్కపెట్టి, ఒక మెట్టు తక్కువొచ్చిందని మళ్ళీ కిందికొచ్చి మొదటినుంచి లెక్కపెట్టాడు. నిద్ర పట్టక పిల్లల పరీక్ష పేపర్లన్నీ దిద్దేసి, అవి చాలక ప్రశ్నపత్రం తయారుచేసినవాడికి కూడా మార్కులేశాడు.

ఒకసారి మరీ విజృంభించాను. "పోయిన ఆదివారం మా అన్నయ్య నిద్ర పట్టక పక్కింటి మగ్గం గుంటలోకి దిగి, తెల్లారేసరికి ఒక చీర నేసి పడేశాడండీ."

ఆయన ఒక కన్ను మూశారు. శ్రద్ధగా వింటున్నారంటే ఆ కన్ను మూతపడేది. "అంచు ఏ రంగండీ?"

"అరటిపువ్వు రంగండీ."

"రెండు నెలల కిందట మీ అన్నగారికి ఎడమ మోకాలు వంగడం లేదన్నారు. గుంటలోకి ఎలా దిగారండీ?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నా కోసం ఊపిరి బిగబట్టారు.

"ఆ మోకాలు నొప్పికే నిద్ర పట్టలేదండీ. గుంటలో కాళ్ళు వేలాడేస్తేనన్నా సుఖంగా ఉంటుందని దిగాడు. దిగినవాడు ఊరికే కూర్చోలేక..."

టక్. టక్.

చేపలాయన దగ్గు ఎంతకీ ఆగలేదు.

ఇప్పుడు నేను పెళ్ళిళ్ళలోనూ రైలుపెట్టెల్లోనూ నాలుగు మాటలు చెబుతుంటే జనం లేవకుండా వింటున్నారంటే, అది ఆ మూడో మెట్టు పెట్టిన భిక్ష. ఎక్కడ పట్టు వదలాలో, ఎక్కడ అంచు రంగు చెప్పాలో నాకు నేర్పిన మనిషి ఆయన. నేర్పుతున్నట్టు కూడా కనిపించలేదు.

ఇక ఆ ఉండ మహిమ. మొదటి ఉండ మింగి నేను కృష్ణ బ్యారేజీ మీద నడిచాను. సగం దూరం వెళ్ళేసరికి గేట్లు హార్మోనియం మెట్లలా ఒక్కొక్కటే లేచి దిగడం మొదలుపెట్టాయి. కింద కృష్ణ శ్రుతి పట్టింది. నేను పిట్టగోడ మీద తాళం వేస్తుంటే ఒక రిక్షా అతను ఆగి, తల ఊపి, వెళ్ళాడు. ఇది కోత కాదు. నాకు అచ్చంగా అలాగే జరిగింది. తొమ్మిదేళ్ళలో ఒక్క వారం కూడా అది నాకు తక్కువ చెయ్యలేదు.

అలా ఉండగా మా అన్నయ్యకి నిజంగా జబ్బు చేసింది.

ముందు నడుంనొప్పి అన్నారు. తర్వాత ఎముకల్లోకి పాకిందన్నారు. ఆసుపత్రిలో ఉంచి ఉంచి, ఇక ఇంటి దగ్గరే చూసుకోండి అని పంపించారు. వాళ్ళిచ్చిన మాత్రలు కడుపులో నిలిచేవి కావు. బస్సులో నిలబడి గురకపెట్టే మనిషి వరసగా పదకొండు రోజులు కన్ను మూయలేదు. గోడకి ఆనుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, కిటికీలోంచి కొండ వైపు చూస్తూ కూర్చునేవాడు. నేను కొట్టులో చెప్పినట్టే. నొప్పి ఎక్కువున్న మోకాలు కూడా ఎడమదే. వెళ్ళి చూసిన ప్రతిసారీ, నేను అనబట్టే ఇలా జరిగిందనిపించేది.

మా అన్నయ్య చిన్నప్పటినుంచీ నా కోతలకి మొదటి శ్రోత. ఒక్కటీ నమ్మేవాడు కాదు. కానీ మధ్యలో ఎప్పుడూ ఆపలేదు. "తర్వాత?" అనేవాడు. స్కూల్లో పిల్లలు అబద్ధమాడితే బెత్తం తీసే మనిషి, నా దగ్గర మాత్రం "తర్వాత?" అనేవాడు.

పన్నెండో రోజు పొద్దున నన్ను దగ్గరికి పిలిచాడు. "ఒరేయ్, నువ్వేదో వన్‌టౌన్‌లో లేహ్యం తింటావుటగా. మీ వదిన చెప్పింది. నిద్ర పడుతుందంటే నాక్కూడా తెచ్చిపెట్టరా. ఒక్కపూట చాలు. ఒక్కపూట కళ్ళు మూసుకుంటే చాలు నాకు."

ఆ రోజు బుధవారమే. అన్నయ్య ఎక్స్‌రేలు ఒక డాక్టరుకి చూపించడానికి నా సంచిలోనే ఉన్నాయి. సరాసరి వన్‌టౌన్‌కి పోయాను. చెప్పులు మూడో మెట్టు మీద విప్పాను. వంతు వచ్చేదాకా ఆగాను. బాధలో కూడా మర్యాద తప్పలేదు నేను. అది గుర్తుపెట్టుకోండి.

"మీ అన్నగారికి ఎలా ఉందండీ?"

"నిద్ర పట్టడం లేదండీ. పదకొండు రోజుల్నుంచి."

వెనక నుంచి, "అయ్యో పాపం."

ఆయన కన్ను మూసి విన్నారు. గరిటె ఎత్తారు. టక్. టక్.

తొమ్మిదేళ్ళలో అంత చక్కగా ఎప్పుడూ చెప్పలేదన్నట్టు తల పంకించారు కూడా.

"కాదండీ. నిజంగానండీ."

బ్యాంకు ఆఫీసరు గారు నేల చూపులు చూశారు. ఆ తొమ్మిదేళ్ళలో ఎవరూ ఆ మాట అక్కడ అనలేదు. గంజాయి అన్న మాటకన్నా మర్యాద తక్కువ మాట అక్కడ అదొక్కటేనని అన్నాకగాని నాకు తెలియలేదు.

"ఇక్కడికి వచ్చేవాళ్ళంతా నిజమే చెబుతారండీ," అన్నారు ఆయన, ఎంతో నెమ్మదిగా, నలుగురి తరఫునా నన్ను మందలిస్తున్నట్టు.

నాకు ఇంకేం తోచలేదు. సంచిలోంచి ఎక్స్‌రేలు తీసి బల్ల మీద పరిచాను. మొదటి రోజు మోచెయ్యి ఆనించాక ఆ బల్లని మళ్ళీ తాకింది అప్పుడే. ఆయన ఒకటి తీసి గుమ్మం వెలుతురుకి పట్టుకున్నారు. చాలాసేపు చూశారు. వెనక ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే, ఎవరూ చెప్పకుండానే, మెట్లు దిగి చెప్పులేసుకున్నారు.

ఆయన ఎక్స్‌రేని కవర్లో పెట్టి నా ముందుకి జరిపారు. నల్ల జాడీ మీద మూత పెట్టారు. మూత మీద బట్ట కట్టారు. బట్ట మీద దారం చుట్టారు.

"ఇది ఆయనకి పనికిరాదండీ."

"అదేంటండీ? నాకు పనిచేస్తోంది గదా."

"ఇందులో అది లేదండీ."

"ఏది?"

"మీరు అనుకుంటున్నది. ఆకు. మా నాన్నగారి రోజుల్లో వేసేవాళ్ళు. ఇప్పుడు పాతబెల్లం, నెయ్యి, గసగసాలు, శొంఠి, కాస్త జాజికాయ. అంతే."

"ఎప్పట్నుంచి లేదు?"

"మీరు రాకముందు నుంచేనండీ."

హార్మోనియం మెట్లు ఒక్కొక్కటే పడిపోయిన చప్పుడు నాకు వినబడింది. తొమ్మిదేళ్ళు. నది శ్రుతి, రిక్షా అతని తల ఊపు, అన్నీ బెల్లం.

"మరి మా అందరికీ ఎందుకిచ్చారు?"

"మీలో ఎవరికీ జబ్బు లేదు గదండీ. జబ్బు లేనివాళ్ళకి ఇది చాలు. జబ్బున్న మనిషికి ఇచ్చి నిద్ర పడుతుందని చెబితే, అది మోసమండీ."

ఆ మాట ఆయన అంత మర్యాదగా అనకుండా ఉంటే ఇంత మంట ఉండేది కాదు నాకు.

"పోనీ అదే ఇవ్వండి," అన్నాను. "అందులో అంతా ఉందని చెప్పి నేనిస్తాను. నేను చెబితే వింటాడు మా అన్నయ్య."

"ఇప్పుడు మీకు తెలిసిపోయింది గదండీ. తెలిసి ఇస్తే మీ మొహంలో కనబడిపోతుంది."

"తెలిసేలా చేసిందెవరు? నోరు మూసుకుని ఒక్క పొట్లం కడితే మీ సొమ్మేం పోయేది?" అని అరిచాను. దొంగ అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన కండువా భుజం మార్చుకున్నారు. కళ్ళజోడు దారం సరిచేసుకున్నారు. నా అరుపులు అయ్యేదాకా, వంతు కోసం చూస్తున్న ఖాతాదారులా నిలబడ్డారు. మెట్లు దిగుతుంటే, "మీ అన్నగారి పేరేమిటండీ? పూజలో తలుచుకుంటాను," అన్నారు. తొమ్మిదేళ్ళలో ఆయన ఒక పేరు అడగడం అదే మొదలు. నేను చెప్పలేదు.

దారిలో కిరాణా దుకాణంలో పాతబెల్లం, శొంఠి, గసగసాలు, జాజికాయ కొన్నాను. ఇంట్లో మా ఆవిడ నేతిలో వేసి ఉండలు కట్టింది. ఎండు అరిటాకు వెతికి పొట్లం కట్టాను, ఆయన కట్టినట్టే, ముడి ఎడం పక్కకి. సాయంత్రం మంగళగిరి వెళ్ళి అన్నయ్య చేతిలో పెట్టాను. ఇది మామూలు ఉండ కాదన్నాను. ఆకు హిమాలయాల నుంచి వస్తుందన్నాను. దీన్ని మింగి బ్యారేజీ మీద నడిస్తే గేట్లు పాడతాయన్నాను. అన్నీ చెప్పాను. ఆ పొద్దుటిదాకా అయితే అవే మాటలు నమ్మి చెప్పి ఉండేవాణ్ణి. ఇప్పుడు కూడబలుక్కుని చెప్పాను.

అన్నయ్య ఉండ నోట్లో వేసుకుని మెల్లగా నమిలాడు. నా మొహం చూస్తూ నమిలాడు. "తర్వాత?" అంటాడని చూశాను. అనలేదు.

"నీకు అబద్ధం చెప్పడం ఎప్పట్నుంచి రాకుండా పోయిందిరా?" అన్నాడు.

ఆ పూట ఆయనకి నిద్ర పట్టలేదు. తర్వాతి పూటా పట్టలేదు. నాలుగు నెలల తర్వాత అన్నయ్య పోయాడు.

లోకంలో ఎవరికైనా చెప్పండి, తొమ్మిదేళ్ళు బెల్లం పెట్టి మోసం చేశాడంటే అయ్యో అంటారు. దానికి నాకు కోపం లేదు. ఆ తొమ్మిదేళ్ళూ నా జీవితంలో మంచి బుధవారాలు. నాకు అబద్ధం అవసరం లేనన్నాళ్ళూ వారం వారం కట్టి ఇచ్చిన మనిషి, అవసరమైన ఒక్కనాడు నిజం చెప్పాడు. నేను నమ్మి తీసుకెళ్ళి, నమ్మి ఇచ్చి ఉంటే, అన్నయ్య "తర్వాత?" అనేవాడేమో. అంటూ అంటూ కళ్ళు మూసేవాడేమో. ఆ ఒక్కపూట ఆయన నా చేతిలోంచి లాక్కున్నారు. ద్రోహం అన్న మాటకి నాకు తెలిసిన అర్థం అది. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

ఇదంతా బెంజ్ సర్కిల్‌లో, బస్సు రాకుండా, చేపలాయన పక్కన నిలబడి నాలో నేను నెమరేసుకున్నాను. అతను సెల్‌ఫోన్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు. మార్చుకున్నప్పుడల్లా ఐసు వాసన, చేపల వాసన.

"శుక్రవారం అందరం వెళ్ళామండీ," అన్నాడు చివరికి. "బ్యాంకు ఆఫీసరు గారూ, అందరూ. వాకిట్లో నిలబడ్డాం, ఒకరి మొహాలు ఒకరం చూసుకోకుండా. ఆయన కూతురు బందరు నుంచి వచ్చింది. మీరెవరండీ అనడిగింది ఒక్కొక్కరినీ. ఏం చెప్పమంటారు? మా మేనమామ తరఫున వచ్చానమ్మా అన్నాను. ఆఫీసరు గారు మా అత్తగారి చెల్లెలు పంపిందమ్మా అన్నారు. అందరం అదే వరస. ఆ పిల్ల ఏడుస్తూనే, మా నాన్నకి ఇంతమంది ముసలీ ముతకా తెలుసా అంది."

నవ్వొచ్చింది నాకు. దగ్గాను.

"మీరు అరిచిన రోజున మేం మెట్ల కిందే ఉన్నామండీ," అన్నాడు. "అంతా వినపడింది."

"విన్నారు గదా. మనందర్నీ ఎలా మోసం చేశాడో విన్నారు గదా."

అతను నా వైపు తిరిగి చూశాడు. తొమ్మిదేళ్ళూ ఆ పైన మూడేళ్ళలో నా మొహంలోకి సూటిగా చూడటం అదే మొదటిసారి.

"మాకు తెలీదని ఎవరన్నారండీ? బెల్లం రుచి తెలీదా మాకు?"

నేను జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాను.

"తెలిసినా పని చేసేదండీ. నడుం వాల్చగానే పడవలో ఉన్నట్టు ఊగేది నాకు. ఆయన చేత మీరు పైకి అనిపించారు చూడండి, అప్పట్నుంచి మానేసింది. ఒక్కళ్ళకీ పని చెయ్యలేదు. అయినా వెళ్ళేవాళ్ళం అనుకోండి. ఆయన మాత్రం ప్రతి బుధవారం మీ పొట్లం కట్టి బల్ల మీద పక్కన పెట్టేవారు. సాయంత్రం దాకా చూసి, విప్పి, మళ్ళీ జాడీలో వేసేవారు. మీ రోగి సంగతి మాత్రం ఎప్పుడూ అడిగేవారు కాదు. ఎవర్నడుగుతారు? మీరు లేరు గదా."

తొమ్మిదేళ్ళు ఆ కొట్టులో కోతలు కోసినవాణ్ణి నేను. ఆ కొట్టులో అంతా నిజమని నమ్మిన ఒకే ఒక్క మనిషిని కూడా నేనేనట. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక రోడ్డు చూస్తూ నిలబడ్డాను. గుడివాడ బస్సు దూరంగా మలుపు తిరుగుతోంది.

చేపలాయన గొంతు సవరించుకున్నాడు. చేతులు కట్టుకున్నాడు. చూపు నా మీద నుంచి తీసి, రోడ్డుకి అవతల ఉన్న ఏదో షాపు బోర్డు మీద పెట్టాడు.

"మీ అన్నగారికి ఎలా ఉందండీ?" అన్నాడు.

అతనికి తెలియకుండా ఉంటుందా. ఆ ఎక్స్‌రే అతనూ చూశాడు. మూడేళ్ళయింది.

"అలాగే ఉందండీ," అన్నాను.

"అయ్యో పాపం," అన్నాడు.

బస్సు వచ్చింది. ఇద్దరం అదే బస్సు ఎక్కాం. ఇద్దరు పట్టే సీటు ఒకటే ఖాళీగా దొరికింది. నేను కిటికీ వైపు, అతను నడవ వైపు తిరిగి, గుడివాడ దాకా ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా కూర్చున్నాం.